యంత్రం ఇచ్చే ఏళ్లు, అది తీసుకునే గంటలు

పంది మూత్రపిండాన్ని మనిషికి అమర్చారన్న వార్త వచ్చినప్పుడల్లా, అంతుచిక్కని కిడ్నీ జబ్బు ఏళ్లుగా పీడిస్తున్న మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో నేను ఎరిగిన ఇళ్లలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: అది మన దాకా ఎప్పుడు వస్తుంది? 2024 మార్చిలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో రిచర్డ్ స్లేమన్ అనే 62 ఏళ్ల వ్యక్తికి, జన్యువుల్లో 69 మార్పులు చేసిన పంది కిడ్నీని అమర్చారు. రెండు నెలలకు ఆయన చనిపోయారు. మరణానికి ఆ కిడ్నీయే కారణమన్న ఆధారమేదీ కనిపించలేదని ఆసుపత్రి ప్రకటించింది. 2025 జనవరిలో అదే ఆసుపత్రిలో టిమ్ ఆండ్రూస్‌కు అమర్చిన కిడ్నీ దాదాపు తొమ్మిది నెలలు పనిచేసింది, ఆ తర్వాత దాన్ని తీసేయవలసి వచ్చింది. ఆ వైద్యుల మీదా, ముందుకు వచ్చి ఒళ్లు అప్పగించిన ఆ రోగుల మీదా నాకు ఎంతో గౌరవం ఉంది. అయినా, ఎప్పుడు వస్తుందని ఎదురుచూసే లోపల మనం అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉందని కొంతకాలంగా నాకు బలంగా అనిపిస్తోంది. ఒక వైద్య పరికరం ఎన్నేళ్ల ఆయుష్షు ఇస్తుందని అందరూ లెక్కిస్తారు. ఆ ఏళ్లలో మనిషి చేతిలో ఎన్ని గంటలు మిగులుస్తుందో కూడా అంతే కచ్చితంగా లెక్కించాలి. ఆ లెక్క లేకుండా ఏ ఆవిష్కరణనూ గొప్పదనో కాదనో తేల్చకూడదన్నది నా వాదన.

ఈ ఆలోచన నాకు పుస్తకాల నుంచి రాలేదు. మా పెదనాన్నగారి అబ్బాయి కంచిలి మండలంలో కొబ్బరి తోట చూసుకునేవాడు, మనుషులు దొరకనప్పుడు తానే చెట్టెక్కేవాడు. కొన్నేళ్లుగా డయాలిసిస్ మీద ఉన్నాడు. వారానికి మూడుసార్లు, విడతకు నాలుగు గంటలు అని చీటీ మీద రాసి ఉంటుంది. కానీ ఆ రోజు నాలుగు గంటలతో పోదు. చీకటితో లేవాలి, ఆటో ఎక్కాలి, బస్సు మారాలి, కేంద్రానికి చేరి బరువు తూయించుకోవాలి, మంచం ఖాళీ అయ్యేదాకా వరండాలో కూర్చోవాలి. చివర్లో సూదులు తీశాక రక్తం ఆగేవరకు దూది అదిమిపట్టుకొని కూర్చోవడానికి ఇంకొంత సమయం పడుతుంది. ఇల్లు చేరాక అన్నం ముందు కూర్చునే ఓపిక కూడా ఉండదు, కాళ్లు పీకుతాయి, తల తిరుగుతుంది. మర్నాడు మధ్యాహ్నానికి గాని లేచి తోట వైపు నడవలేడు. ఒకసారి నేను పక్కన కూర్చొని ఉండగా అన్నాడు: "ఒక రోజు మిషనుది, ఒక రోజు మంచానిది. మరి నాకు మిగిల్నది ఏటి తమ్ముడూ?"

డయాలిసిస్ ముగిశాక మీరు తేరుకోవడానికి ఎంతసేపు పడుతుంది అన్న ఈ ఒక్క ప్రశ్నతోనే రోగి పరిస్థితిని అంచనా వేసే పద్ధతి వైద్య పరిశోధనలో ఉంది. తేరుకోవడానికి ఎక్కువ గంటలు పట్టే వారిలో ఆసుపత్రిలో చేరవలసి రావడమూ, మరణాలూ ఎక్కువగా ఉన్నాయని అనేక దేశాల రోగులను కలిపి చూసిన అధ్యయనంలో తేలింది కూడా. అంటే ఇది రోగి సణుగుడు కాదు, ప్రాణానికి సంబంధించిన కొలత. ఇన్నేళ్లలో అన్నయ్యను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. కిడ్నీలు బయటికి పంపవలసిన వ్యర్థమైన క్రియాటినిన్ ఎంత, పొటాషియం ఎంత, హిమోగ్లోబిన్ ఎంత అన్నవన్నీ ఆయన పుస్తకంలో వరసగా రాసి ఉన్నాయి. తేరుకున్న గంటలకు అందులో గడి లేదు.

గంటల గురించి మాట్లాడితే కూలి పోతుందన్న బాధతోనే మాట్లాడుతున్నానని కొందరు అనుకోవచ్చు. కూలి మాట నిజమే. డయాలిసిస్ రోగులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే నెలకు 10,000 రూపాయల పింఛనుతో కొన్ని కుటుంబాలు నిలబడ్డాయి, అది చిన్న సాయం కాదు. అయితే గంటల లెక్క శరీరానికి కూడా సంబంధించినది. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో దాదాపు అంతటినీ తిరిగి రక్తానికి అప్పగించి, లీటరున్నర నుంచి రెండు లీటర్లను మాత్రమే బయటికి పంపుతాయి. ఆ పని రాత్రీ పగలూ, వారంలో 168 గంటలూ సాగుతుంది. యంత్రానికి మనం ఇస్తున్నది 12 గంటలు. రెండు మూడు రోజుల పాటు ఒంట్లో పేరుకున్న నీటినీ లవణాలనూ నాలుగు గంటల్లో లాగేయడం వల్లనే ఆ నీరసం, ఆ తిమ్మిర్లు, ఆ రక్తపోటు పడిపోవడం. వారంలో వరసగా రెండు రోజులు డయాలిసిస్ లేని పెద్ద విరామం తర్వాతి రోజున మరణాలు ఎక్కువగా ఉంటున్నాయని 2011లో అమెరికా రోగుల సమాచారంతో చేసిన పరిశోధన చూపింది. అంతకు ముందు ఏడాది వెలువడిన మరో పరీక్షలో, వారానికి ఆరుసార్లు చొప్పున డయాలిసిస్ చేసిన వారి గుండె పరిస్థితి మూడుసార్లు చేసినవారి కంటే మెరుగ్గా ఉంది. మెల్లగా, తరచుగా, వీలైతే ఎడతెగకుండా సాగేదే మంచి వైద్యం అన్నమాట. అలా సాగాలంటే మనిషి యంత్రం దగ్గరికి వెళ్లడం కుదరదు, యంత్రమే మనిషి దగ్గరికి రావాలి. వైద్యపరంగా మేలైనదీ, రోగి రోజును రోగికి మిగిల్చేదీ ఇక్కడ ఒకే దారిలో ఉన్నాయి. ఇంజనీర్లు పట్టుకోవలసిన దారి అదేనని నేను నమ్ముతున్నాను.

యంత్రం ఒకప్పుడు ఇంటికి వచ్చింది

ఇదేదో కొత్త కోరిక కాదు. 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, కాంపెన్ అనే ఊరి ఆసుపత్రిలో విలెం కోల్ఫ్ అనే వైద్యుడు సాసేజ్‌లకు తొడిగే సెలోఫేన్ గొట్టాన్ని చెక్క డ్రమ్ము చుట్టూ చుట్టి మొదటి కృత్రిమ కిడ్నీని తయారుచేశాడు. చాలామంది రోగులు చనిపోయాక, 1945లో 67 ఏళ్ల మహిళ ఒకరు దాని వల్ల బతికి బయటపడ్డారు. అప్పటికి అది ఆపద గట్టెక్కించే యంత్రం మాత్రమే, ఎందుకంటే రక్తనాళానికి పదేపదే దారి తెరవడం సాధ్యం కాదు. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టంతో ఆ దారిని నిలబెట్టాడు, దానితో దీర్ఘకాల డయాలిసిస్ మొదలైంది. 1966లో న్యూయార్క్ వైద్యులు చేతిలోని ధమనిని సిరకు కలిపి కుట్టే ఫిస్టులా పద్ధతిని ప్రచురించారు. అన్నయ్య ఎడమ చేతి మీద వేలు పెడితే జుయ్ మని తెలిసే ప్రకంపన ఆ కుట్టుదే. దానిలో ప్లాస్టిక్ లేదు, బ్యాటరీ లేదు. ఉన్న రక్తనాళాలను కొత్తగా కలపడమే. ఇన్నేళ్లయినా దాన్ని మించినది రాలేదంటే ఆ ఆలోచన ఎంత లోతైనదో గ్రహించవచ్చు.

1960లలోనే సియాటిల్‌లో యంత్రాన్ని ఇంటికి పంపడం మొదలుపెట్టారు. 1970ల తొలినాళ్లకు అమెరికాలో డయాలిసిస్ రోగుల్లో సుమారు 40 శాతం మంది ఇంట్లోనే చేసుకునేవారు. 1973లో ప్రభుత్వ బీమా డయాలిసిస్ ఖర్చు భరించడం మొదలయ్యాక కేంద్రాలు వెలిశాయి, వృద్ధులకూ బలహీనులకూ కూడా వైద్యం అందింది, ఇంటి డయాలిసిస్ వాటా మాత్రం పడిపోయింది. కేంద్రాల వల్ల బతికినవారి సంఖ్యను తక్కువ చేసి చూపడం నా ఉద్దేశం కాదు. ఉద్దానంలోనూ అంతే. శ్రీకాకుళానికో విశాఖ కేజీహెచ్‌కో పోలేక మంచం పట్టి పోయినవాళ్లను చూసిన మాకు, సోంపేటలో, పలాసలో, కవిటిలో కేంద్రాలు రావడం, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలుకావడం ఎంత పెద్ద మార్పో ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ యంత్రాన్ని కేంద్రంలో నిలబెట్టింది శాస్త్రం ఒక్కటే కాదని ఆ చరిత్ర చెబుతోంది. డబ్బు ఎటు పారితే పరికరం అటు నడిచింది. కేంద్రానికి డబ్బిచ్చే పద్ధతి ఉంటే కేంద్రానికి పనికొచ్చే యంత్రాలే తయారవుతాయి.

నూట ఇరవై లీటర్లు

యంత్రం ఇంటికి రాకపోవడానికి మా ప్రాంతంలో మొదటి అడ్డంకి నీరు. డయాలిసిస్ ద్రవం నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటలు పారుతుంది కనుక ఒక్క విడతకు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. ఆర్‌వో యంత్రం ఆ నీటిని తీసేటప్పుడు వదిలేసే వృథా నీరు దీనికి అదనం. శుద్ధి మామూలుగా ఉంటే చాలదు. తాగే నీటిలో క్రిములను చంపడానికి కలిపే, మనకు హాని చేయని క్లోరమిన్ ఇక్కడ రక్తకణాలను పగలగొడుతుంది. 1970లలో నీటిలోని అల్యూమినియం వల్ల డయాలిసిస్ రోగులకు మతి చెడిపోయే జబ్బు వచ్చింది. ఏ నీటి మీద ఇన్నేళ్లుగా ఊరంతటికీ అనుమానం ఉందో, ఏ నీటికి బదులుగా హిరమండలం జలాశయం నుంచి పైపులు వేయించుకున్నామో, ఆ ప్రాంతంలో ఒక్కో ఇంటికీ వారానికి 360 లీటర్ల అత్యంత శుద్ధమైన నీరు అనుకోవడం కూడా కష్టమే.

ఇంకోవైపు అన్నయ్య రోజుకు తాగవలసినది సుమారు లీటరు, అందులోనే మజ్జిగ, అందులోనే చారు. మే నెల ఎండలో ఆ లీటరును పొద్దున్నే సీసాలో పోసుకొని, గీతలు చూసుకుంటూ తాగుతాడు. తన తోటలో కాసిన బొండం తాను తాగకూడదు, పొటాషియం ఎక్కువ. వేసవిలో ఇంటి ముందు పనస పండు కోస్తే ఆ వాసనకు లేచి లోపలికి వెళ్లిపోతాడు, అదీ అంతే. డయాలిసిస్ రోజు మాత్రం, మిషను ఎక్కిన మొదటి గంటలో రెండు తొనలు తినవచ్చని ఎవరో చెప్పారట, వదిన డబ్బాలో పెట్టి పంపింది. తిన్నాడో లేదో నేను అడగలేదు.

గోడకు కొట్టిన కొక్కెం

నీరూ కరెంటూ అక్కరలేని డయాలిసిస్ ఒకటి ఉంది. మా వైపు పొట్ట డయాలిసిస్ అంటారు. కడుపులోని పొరనే వడపోత పొరగా వాడుకునే ఈ పద్ధతిని నడిచే మనిషికి తగ్గట్టుగా 1976లో అమెరికాలోని టెక్సాస్‌లో పొపోవిచ్, మాంక్రీఫ్ రూపొందించారు. పొపోవిచ్ బయోమెడికల్ ఇంజనీరు, మాంక్రీఫ్ వైద్యుడు. పొట్టలో శాశ్వతంగా అమర్చిన మెత్తని గొట్టం ద్వారా రెండు లీటర్ల ద్రవాన్ని లోపలికి పంపి, కొన్ని గంటలు ఉంచి, బయటికి తీసి, మళ్లీ కొత్తది పంపడమే పని. రోజుకు నాలుగు మార్పులు, ఒక్కోదానికి అరగంట నుంచి నలభై నిమిషాలు.

సోంపేట దగ్గరి ఊళ్లో ఒక అప్ప ఇలా చేసుకుంటున్నారు, మాకు దూరపు బంధువు. ఆమె బట్టలు కుడతారు. కుట్టుమిషను పక్క గోడకు, మనిషెత్తు కంటే పైన, ఒక కొక్కెం కొట్టించుకున్నారు. నేను వెళ్లినప్పుడు మధ్యాహ్నం మార్పు వేళ అయింది. తలుపు మూశారు, ఫ్యాను ఆపారు, మూతికి మాస్కు కట్టుకున్నారు. వేళ్ల సందులు, గోళ్ల మొదళ్లు, మణికట్టు వరకు సబ్బుతో రుద్దుకోవడం చూస్తే ఆపరేషనుకు వెళ్లే డాక్టరు గుర్తొచ్చారు. బ్యాగు కొక్కేనికి తగిలించి, ఖాళీ బ్యాగు నేల మీద పరిచిన ప్లాస్టిక్ పళ్లెంలో పెట్టి, గొట్టం మూత తీసి కలపడం రెండు క్షణాల్లో అయిపోయింది. పాత ద్రవం దిగుతుండగా ఆమె జాకెట్టుకు హుక్కులు కుట్టుకుంటూ కూర్చున్నారు. నిండిన బ్యాగును తీసి ఒక పాత దినపత్రిక మీద పెట్టి చూశారు. అక్షరాలు స్పష్టంగా కనిపించాలి. కలకగా ఉండి అక్షరాలు మసకబారితే పొట్టలో ఇన్‌ఫెక్షన్ మొదలైనట్టు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. "అచ్చరాలు కనబడ్డాయి, ఈ పూటకి బాగున్నట్టే" అన్నారు ఆమె, సూదిలో దారం ఎక్కిస్తూ.

నెలకు 120 బ్యాగులు. అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి, ఉన్న రెండు గదుల్లో ఒక గది వాటిదే. వాడిన బ్యాగులూ గొట్టాలూ ఎక్కడ పారేయాలన్నది ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు, ఇంటి వెనక తగలబెడుతున్నారు. ఇవన్నీ నేను దాచను. ద్రవంలోని గ్లూకోజు ఒంట్లోకి చేరుతుంది, కొన్నేళ్లకు పొట్ట పొర వడగట్టే శక్తి తగ్గుతుంది, ఒక్కసారి అశ్రద్ధ చేస్తే ఇన్‌ఫెక్షన్ ప్రాణం మీదికి తెస్తుంది. అయినా ఆమె వారం ఆమె చేతిలో ఉంది. ఆహారంలో అన్నయ్యకున్నన్ని కట్టుబాట్లు లేవు. మిగిలి ఉన్న కొద్దిపాటి కిడ్నీ శక్తి కూడా ఈ పద్ధతిలో ఎక్కువ కాలం నిలుస్తుందని వైద్యులు చెబుతారు. జాతీయ డయాలిసిస్ కార్యక్రమంలో 2019 నుంచి దీనికీ చోటుంది. అయినా మన దేశంలో దీన్ని ఎంచుకుంటున్నవారు చాలా తక్కువ.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటిన రోజులు గుర్తున్నవారికి ఇంకో సంగతి తడుతుంది. చెట్లు కూలి దారులు మూసుకున్నాయి, కరెంటు రోజుల తరబడి లేదు. అటువంటి వేళ కేంద్రానికి వెళ్లవలసిన మనిషి గతి ఏమిటి? పొట్ట డయాలిసిస్‌కు కరెంటు అక్కరలేదు, బరువుకు ద్రవం కిందికి దిగడమే దాని చోదకశక్తి. పెట్టెలు ఇంట్లో ఉన్నంత కాలం తుపానును దాటవచ్చు. అయితే ఇంటి కప్పే ఎగిరిపోతే ఆ పెట్టెలు తడుస్తాయి, శుభ్రమైన గది అన్న మాటే ఉండదు. ఆ తుపానులో కప్పులు పోయిన ఇళ్లు మా ఊళ్లోనూ ఉన్నాయి కనుక, ఈ వాదన ఒకవైపే నిలుస్తుందని నేను అనలేను.

ఎవరి గంటలు

పొట్ట డయాలిసిస్ గురించి ఉత్సాహంగా చెప్పినప్పుడు అన్నయ్య ఒప్పుకోలేదు. "కేంద్రంలో నా తోటోళ్లున్నారు. అక్కడ డాక్టరుంటాడు. ఇంటికొచ్చేక నేను రోగిని కాను. ఇంట్లోనే ఎట్టుకుంటే రోజంతా రోగినే" అన్నాడు. ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. నాలుగు పక్క మంచాల మీద ఇన్నేళ్లుగా కలిసి పడుకున్న మనుషుల మధ్య ఒక బంధం పుడుతుంది. ఒకరి మంచం ఖాళీ అయితే మిగిలిన ముగ్గురూ ఆ రోజు మాట్లాడుకోరని ఆయనే చెప్పాడు. ఆ తోడును ఏ పరికరమూ ఇంటికి తెచ్చి ఇవ్వలేదు.

వదిన మౌనంగా విన్నది. తర్వాత వంటింట్లో నాతో అన్న మాట ఇంకా బరువైనది: "నాలుగుసార్లు బ్యాగులు మార్చేది ఎవరు బాబూ? ఆయన చూపు సరిగా ఆనదు. నేనే కదా. నేను జీడిపిక్కల పనికి పోకపోతే ఇల్లెలా నడుస్తాది?" కేంద్రం వారానికి మూడు రోజులు అన్నయ్యను తీసుకుంటోంది; ఇంటి పద్ధతి వస్తే వారమంతా వదినను తీసుకుంటుంది. రోగి గంటలు మిగిలాయని మురిసిపోయి, ఆ గంటలు ఎవరి దగ్గర నుంచి వచ్చాయో చూడకపోతే లెక్క తప్పినట్టే. అందుకే నా వాదనను సరిచూసుకొని చెబుతున్నాను: కొలవవలసినది రోగి గంటలు కాదు, ఇంటిల్లిపాది గంటలు. ఇల్లు మేలా కేంద్రం మేలా అన్న తగవు ఆ తర్వాతిది.

థాయిలాండ్ అనుభవం కూడా ఇదే చెబుతుంది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం 2008లో మొదట పొట్ట డయాలిసిస్సే అన్న విధానం తెచ్చింది, దానితో వేలాది గ్రామీణ రోగులకు వైద్యం అందింది. 2022లో ఎంపికను రోగులకే వదిలేసేసరికి పెద్ద సంఖ్యలో జనం కేంద్రాల వైపు మళ్లారు. హాంకాంగ్‌లో 1985 నుంచి ఉన్న అదే విధానం నిలబడింది. ఇరుకైన ఇళ్లున్న నగరంలో నిలబడినది పల్లెల్లో ఎందుకు సడలిందంటే, వాడే ద్రవం ఒకటే అయినా వెనక నిలబడే నర్సులు, ఫోను ఎత్తేవాళ్లు, పెట్టెలు చేర్చేవాళ్లు అన్నిచోట్లా ఒకేలా ఉండరు గనుక అని నా ఊహ.

నడుముకు కట్టుకునే కిడ్నీ

120 లీటర్ల నీటిని తప్పించడానికి ఇంజనీర్లు పట్టుకున్న దారి, వాడిన ద్రవాన్నే శుభ్రం చేసి మళ్లీ వాడటం. యూరియేజ్ అనే ఎంజైము యూరియాను అమోనియాగా, బొగ్గుపులుసు వాయువుగా విడగొడుతుంది. జిర్కోనియం ఫాస్ఫేటు ఆ అమోనియాను పట్టేస్తుంది. బొగ్గు క్రియాటినిన్‌ను పీల్చుకుంటుంది. 1970ల నాటి రెడీ అనే యంత్రం ఈ సూత్రంతోనే ఆరు లీటర్లతో పని ముగించింది. దాన్నే నడుముకు కట్టుకునేంత చిన్నది చేయాలని అమెరికాలో విక్టర్ గురా ఏళ్ల తరబడి శ్రమించారు. సియాటిల్‌లో ఏడుగురు రోగుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. సుమారు ఐదు కిలోల పట్టీ కట్టుకొని వాళ్లు నడిచారు, కట్టుబాట్లు లేకుండా తిన్నారు, ఐదుగురు 24 గంటల చికిత్స పూర్తిచేశారు. యూరియా విడిపోయినప్పుడు పుట్టే వాయువు బుడగలై ద్రవంలో చేరడంతో, మరికొన్ని లోపాలతో, పరీక్షను ముందుగానే ఆపారు. రసాయన శాస్త్రం కుదిరింది, వైద్యం కుదిరింది, బుడగ దగ్గర ఆగిపోయింది. ఈ రంగంలో పనిచేయాలనుకునే మన పిల్లలకు నేను చూపించదలచిన చోటు ఆ బుడగే.

ఐదు కిలోలు కూడా తక్కువ బరువు కాదు. హైదరాబాదు నిమ్స్‌లో పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప క్యాలిపర్లతో కాళ్లీడ్చుకుంటుంటే చూసి, అగ్ని క్షిపణికి వాడిన తేలికైన పదార్థంతో అబ్దుల్ కలాం బృందం 300 గ్రాముల క్యాలిపర్లను తయారుచేసిన సంగతి మనందరికీ తెలుసు. ఆ పిల్లల ఎముకల్లో ఏ మార్పూ రాలేదు. మోయవలసిన బరువు తగ్గింది, దానితో నడక వచ్చింది, బడికి పోయే సమయం వచ్చింది. పరికరాన్ని మోసేవాడి వైపు నుంచి చూడటమంటే అది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షువో రాయ్, వాండర్‌బిల్ట్‌లో విలియం ఫిసెల్ కలిసి శరీరం లోపలే అమర్చే కృత్రిమ కిడ్నీ కోసం పనిచేస్తున్నారు. సూక్ష్మమైన రంధ్రాలున్న సిలికాన్ పొర ఒక భాగం, కిడ్నీ కణాలు పెరిగే గది ఇంకో భాగం. గుండె నెట్టే ఒత్తిడితోనే రక్తం పొర గుండా పోతుంది కనుక పంపు అక్కరలేదు. కణాలున్న భాగాన్ని పందిలో అమర్చి ఏడు రోజులు పనిచేయించిన ఫలితాలను 2023లో ప్రచురించారు. కరెంటు వద్దు, 120 లీటర్లు వద్దు, వదిన చేతులు వద్దు. నా కొలతతో చూస్తే దీన్ని మించినది ఇంకొకటి లేదు, అందుకే ఇది మనుషుల దాకా రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను. పంది కిడ్నీ కూడా గంటల లెక్కలో గొప్పదే, జీవితకాలపు మందులూ తరచూ పరీక్షలూ పక్కన కలుపుకోవలసి ఉన్నా.

ముందే తెలిస్తే

ఇన్ని పరికరాల మాటలెందుకు, జబ్బు రాకుండా చూడండి అని మా ఊళ్లో చదువుకున్న పెద్దలు అంటారు. న్యాయమైన మాటే. ఉద్దానంలోనూ, శ్రీలంకలోనూ, మధ్య అమెరికాలోని చెరకు తోటల్లోనూ ఈ జబ్బు ఇలాగే వస్తోంది, ఎక్కడా మూలకారణం ఇదీ అని తేలలేదు. నీరు, ఎండ, పురుగుమందులు, మన్ను అన్నింటి మీదా పరిశోధన సాగుతోంది. కానీ కారణం తెలిసేదాకా ఇప్పటి రోగులు ఆగలేరు. పైగా నివారణకూ పరికరమే కావాలి. ఈ జబ్బులో మూత్రంలో ప్రోటీను పెద్దగా పోదు, అందువల్ల మూత్రంలో ముంచే పట్టీతో చాలా కేసులు దొరకవు. రక్తంలో క్రియాటినిన్ చూద్దామంటే కిడ్నీ శక్తి సగం పోయేదాకా అది స్పష్టంగా పెరగదు, కనుక ఒక్కసారి చూస్తే సరిపోదు, ఏటేటా చూసి ఎంత మారిందో గమనించాలి. శిబిరంలో నరం నుంచి రక్తం తీసి, సీసాలు పట్నం పంపి, ఫలితం కోసం మళ్లీ పని మానుకొని రమ్మంటే కూలివాళ్లు రెండోసారి రారు. షుగరు చూసినట్టే వేలి చుక్కతో అక్కడికక్కడే క్రియాటినిన్ చెప్పే పరికరాలు ఉన్నాయి, కాని ఒక్కో పట్టీ ధర ఇంటింటికీ వాడేంత తక్కువగా లేదు. ఆ ధర తగ్గించడం, మన ఉక్కలో, మన తేమలో పట్టీ చెడిపోకుండా నిలబెట్టడం సిలికాన్ కిడ్నీ అంత పెద్ద వార్త కాకపోవచ్చు. తోటకు పోయే దారిలోనే పరీక్ష అయిపోతే మాత్రం, జబ్బు ముదరకముందే బయటపడే మనుషులు ఎందరో ఉంటారు.

శ్రీకాకుళానికి రెండు మూడు గంటల దూరంలో, విశాఖలో, వైద్య పరికరాల తయారీకే కేటాయించిన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ ఉంది. అక్కడ పనిచేసేవారు ఒకసారి కంచిలి బస్టాండులో తెల్లవారుజామున నిలబడి, చేతికి కట్టుతో బస్సు కోసం చూసే మనుషులతో మాట్లాడాలని నా కోరిక. విడతకు ఎన్ని లీటర్లు, ఎంత కరెంటు, తేరుకోవడానికి ఎన్ని గంటలు, ఇంట్లో ఇంకొకరి గంటలు ఎన్ని అన్న నాలుగు గడులూ కొనుగోలు పత్రాల్లో ధర పక్కనే ఉంటే తయారీదారులు వాటి మీదే పోటీపడతారు.

ఇక వదిన అడిగినదానికి, నాకు తెలిసినంతలో, దగ్గరి జవాబు ఫ్రాన్స్‌లో ఉంది. అక్కడ బ్యాగులు తామే మార్చుకోలేని వృద్ధుల ఇళ్లకు నర్సులు వచ్చి పొట్ట డయాలిసిస్ చేసిపెడతారు, ఆ ఖర్చు ఆరోగ్య బీమా భరిస్తుంది. మన ఊళ్లల్లో ఏఎన్‌ఎం ఉన్నారు, ఆశ కార్యకర్త ఉన్నారు, ఇంటింటి దారీ వాళ్లకు తెలుసు. ఈ పని వాళ్లకు నేర్పవచ్చు. నేర్పితే దానికి వేరే జీతం ఇవ్వాలి, ఇప్పుడున్న పనుల్లో కొన్ని తగ్గించాలి, లేదంటే వదిన గంటలను తెచ్చి ఇంకో ఆడమనిషి నెత్తిన పెట్టినట్టవుతుంది.